ఆ పచ్చరాయి మీ ఒంటికి పడుతుందా?

మెడ చుట్టూ దురద, చెవితమ్మెల దగ్గర రసి అంటూ ఓపీకి వచ్చేవారిని నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ‘కొత్తగా ఏం పెట్టుకున్నారు?’. చాలాసార్లు నికెల్ కలిసిన ఫ్యాన్సీ నగే కారణమని తేలుతుంది. అయితే నికెల్ లోహంలోనే కాదు, రాయిలోనూ ఉండొచ్చు.

ఏమిటీ రాయి?

పచ్చి యాపిల్ రంగులో, గోధుమ రంగు చారలతో మెరిసే ఈ అరుదైన ఖనిజం పేరు గాస్పేయైట్. కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో దొరకడంతో 1966లో ఆ పేరు పెట్టారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నికెల్ గనుల దగ్గరా దొరుకుతుంది. వెండి నగల్లో పొదుగుతారు. ఇది ప్రధానంగా నికెల్ కార్బొనేట్. ఆ పచ్చదనం నికెల్ వల్ల వచ్చిందే. మామూలు నీటిలో దాదాపు కరగదు కానీ, ఆమ్లం తగిలితే కరుగుతుంది.

అలర్జీ ఎలా?

చర్మం ఒకసారి నికెల్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, ఆ గుర్తు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మళ్లీ తగిలిన ఒకటి రెండు రోజులకు ఎర్రబడటం, దురద, చిన్న పొక్కులు మొదలవుతాయి. ఆలస్యంగా వస్తుంది కాబట్టి నగ మీదికి అనుమానం పోదు.

ఈ జాగ్రత్తలు తీసుకోండి

* గిల్టు నగలు, వాచీ, ప్యాంటు గుండీ గతంలో పడనివారు ఈ రాయి చర్మానికి తగిలేలా వేసుకోవద్దు. వెనకవైపు మూసి ఉన్న నగ కొంత నయం. రాయితో పాటు హుక్కు ఏ లోహమో కూడా అడగండి.
* చెమట పట్టే పనులప్పుడు తీసేయండి.
* వెండి నగే కదా అని చింతపండు, నిమ్మరసంతో తోమొద్దు.
* రాయి నానబెట్టిన నీళ్లు తాగడం, పొడి మింగడం వద్దే వద్దు. జీర్ణాశయంలో ఉండేది ఆమ్లమే.
* ఇంట్లో అరగదీయడం, రంధ్రాలు చేయడం అన్నిటికన్నా ప్రమాదం. నికెల్ సమ్మేళనాల ధూళిని ఏళ్ల తరబడి పీల్చేవారికి ఊపిరితిత్తుల, ముక్కు క్యాన్సర్ ముప్పు ఉంటుంది.

దద్దురు వస్తే?

ముందు నగ తీసేయండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీములు రాసుకోవద్దు. దురద తగ్గినట్టే తగ్గి, చర్మం పలచబడుతుంది. చర్మ వైద్యులు వీపు మీద ‘ప్యాచ్ టెస్ట్’ పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు. నికెల్ పడదని తేలితే దాన్ని దూరం పెట్టడమే అసలు మందు. రాయి ఎంత అరుదైనదైనా, మీ చర్మం కన్నా విలువైనది కాదు.