కిత్తానుపై పెద్ద ఛాయాచిత్రము



మానవాడ యొద్ద మానేటిపై కట్టిన జలాశయము 2018, 2019 సంవత్సరములలో నింపబడినపుడు, మా బోయినపల్లి మండలమందలి కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మొదలగు గ్రామముల యిండ్లు నీట మునిగినవి. ఆ యిండ్లకు గుర్తుగా పలువురకు మిగిలినవి పెట్టె యడుగున దాచుకొనిన చిన్న ఛాయాచిత్రములే. వానిని క్రొత్త యింటి గోడపై పెద్దవిగా జూచుకొనవలెనని కోరుట సహజము. ఆ పని యెట్లు చేయింపవలయునో నేడు మనవి చేసెదను.

ముందుగా నా పొరపాటు చెప్పెదను. మా చుట్టమొకడు తన తాతగారు పాత యింటి యరుగుపై గూర్చుండిన చిత్రమును వాట్సాపులో పంపెను. నేను దానినే మూడడుగుల వెడల్పున కిత్తానుపై, అనగా కాన్వాసు గుడ్డపై, అచ్చు వేయించితిని. తాతగారి మొగమున కన్నులకు మారుగా రెండు మరకలు మిగిలెను. లోపము అచ్చు వేసినవానిది కాదు, నాది.

డిజిటల్ చిత్రము పిక్సెళ్లను చిన్న చదరములతో నేసిన వస్త్రము వంటిది. అంగుళమునకు పోగులెక్కువైన కొలది వస్త్రము సన్నమగునని సిరిసిల్ల ప్రాంతమువారికి వేరుగ జెప్పనక్కరలేదు. నా చిత్రము వెడల్పున 1600 పిక్సెళ్లే. దానిని 36 అంగుళములకు సాగదీయగా అంగుళమునకు 44 మాత్రమే వచ్చినవి. అడుగు దూరము నుండి చూచు కంటికి అంగుళమునకు సుమారు 300 కావలెను. మూడడుగుల దూరమునకు 100 చాలును. దూరము పెరిగిన కొలది అక్కర తగ్గును. కాని తాతగారి మొగము చూచువారు గోడ దగ్గరకే పోవుదురు గదా! కావున 100కు తక్కువ కానీయరాదు.

ఇందుకు మూలచిత్రమునే స్కానరుపై నుంచవలెను. ఆరంగుళముల చిత్రమును అంగుళమునకు 600 చొప్పున స్కాను చేసినచో 3600 పిక్సెళ్లు వచ్చును. 36 అంగుళములకు పంచగా సరిగా నూరు. వాట్సాపున పంపదలచినచో డాక్యుమెంటుగా బంపుడు. అప్పుడు చిత్రము కుదింపబడదు.

పిమ్మట క్రమము ముఖ్యము. మొదట దుమ్ము చుక్కలను, గీతలను తుడువవలెను. తరువాత వెలుగునీడలను సరిచేయవలెను. కాన్వాసుపై చిత్రము కంప్యూటరు తెరపై కంటె నల్లగా దోచును గావున నీడలను కొంచెము తేటపరచవలెను. ఆ తరువాత తుది కొలతకు పెంచవలెను. పదును పెట్టుట కడపటి పని. ముందే పదును పెట్టి పిదప పెంచినచో దోషములును పెరుగును.

పదును పెట్టుట యనగా నేమి? తలపాగ తెల్లదనము వెనుకటి గోడ నల్లదనమును తాకు నంచున, తెలుపును మరికొంత తెల్లగను, నలుపును మరికొంత నల్లగను చేయుట. అంతట కన్ను ఆ యంచు స్పష్టమని భ్రమపడును. ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య గాదు; పూర్వము చీకటిగదిలో నెగటివుపై మసక ప్రతి నొకదానిని జతపరచి యిదే పని చేసెడివారు.

కాన్వాసు నేత సన్నని వివరములను మ్రింగును, సిరా కొంత వ్యాపించును. అందుచే కాగితమునకంటె కాన్వాసునకు కొంచెమెక్కువ పదును కావలెను. తెరపై రవంత అధికముగా దోచినను వెరవనక్కరలేదు. అయితే కొడవలిని అతిగా నూరిన ఇనుము తరుగునట్లు, చిత్రమునకు పదును మించినచో తల చుట్టును తెల్లని గీత యేర్పడును, చర్మము ఇసుక చల్లినట్లగును. కన్నులకు, గడ్డమునకు, పంచె యంచునకు పదును నిచ్చి, చెక్కిళ్లను విడిచిపెట్టుమని పనివానికి జెప్పుడు.

చట్రము చుట్టు మడుచుటకు నలుప్రక్కల రెండేసి యంగుళములు అదనముగా నుంచుడు. లేనిచో అంచున నున్నవారి భుజము మడతలోనికి బోవును. అంతయు నచ్చు వేయించుటకు ముందు మొగమున్న జానెడు ముక్కను మాత్రము అదే గుడ్డపై, అదే కొలతలో వేయించి, గోడకానించి చూడుడు.

తుదకొక హెచ్చరిక. మసకమొగమును కృత్రిమ మేధచే నిముసములో తేటపరచెదమని కొందరందురు. చిత్రమున లేని కన్నును ఆ యంత్రము ఊహించి గీయును. అది అందమైన కన్నే కావచ్చును గాని తాతగారిది కాదు. ఆయనను చూచి యెరిగిన వృద్ధులు మీ యింట నున్నంతవరకు, అచ్చునకు బోవు ముందు చిత్రము వారికి జూపుడు. మేమును రెండవమారు మూలచిత్రమును స్కాను చేయించి, మా చుట్టము తల్లికి జూపితిమి. మొగము కొంత మసకగనే యున్నది. ఆమె చూచి, “మా నాయనే” యనెను. దానినే అచ్చు వేయించితిమి.

సెలవు.