రిసీవర్ ముందు పలకాల్సిన టోన్ ఏది?

ఫోను లైను మీద పనిచేసే అలారం వ్యవస్థలో రెండు యంత్రాలుంటాయి. గోదాములోనో దుకాణంలోనో గోడకు బిగించి ఉండేది ప్యానెల్. ఎక్కడో కంట్రోల్ రూములో ఉండేది రిసీవర్. తలుపు పగిలినా, పొగ లేచినా ప్యానెల్ తనంతట తానే డయల్ చేస్తుంది, రిసీవర్ ఫోను ఎత్తుతుంది. ఎత్తినవాళ్లే ముందు పలకాలన్న నియమం ఇక్కడా ఉంది. రిసీవర్ వినిపించే ఆ మొదటి కూతే హ్యాండ్‌షేక్ టోన్. తనకు తెలిసిన కూత చెవిన పడేదాకా ప్యానెల్ నోరు విప్పదు.

అన్ని ప్యానెళ్లకూ ఒకే కూత సరిపోదు. పాతకాలపు పల్స్ పద్ధతి ప్యానెళ్లలో కొన్ని 1400 హెర్ట్జ్ టోన్ కోసం, కొన్ని 2300 హెర్ట్జ్ టోన్ కోసం ఎదురుచూస్తాయి. ఎక్కువగా వాడుకలో ఉన్న కాంటాక్ట్ ఐడీ పద్ధతికి రెండూ కావాలి: 1400 హెర్ట్జ్ 100 మిల్లీసెకన్లు, అంతే సేపు నిశ్శబ్దం, ఆపై 2300 హెర్ట్జ్ 100 మిల్లీసెకన్లు. ఈ ధ్వనులన్నీ ఫోను లైను మోయగలిగిన 300–3400 హెర్ట్జ్ పరిధిలోనివే.

కొండపల్లి పారిశ్రామికవాడలోని ఒక గోదాములో మూడో జోన్‌లో పొగ లేచిందనుకుందాం. జంట టోన్ వినగానే ప్యానెల్ 16 అంకెలను ఫోను మీటల శబ్దాలతోనే పంపుతుంది: 5210 18 1110 01 003 1. ఇందులో 5210 ఖాతాదారు సంఖ్య, 18 కాంటాక్ట్ ఐడీకి గుర్తు. తర్వాతి 1 అంటే కొత్త ఘటన, 110 అంటే అగ్నిప్రమాదం, 01 విభాగం, 003 జోన్. చివరి అంకె సరిచూపు కోసం. సున్నాను పదిగా లెక్కించి అన్నీ కూడితే 75 వస్తుంది. మొత్తం 15తో నిశ్శేషంగా భాగింపబడితేనే సందేశం సరైనట్టు. అప్పుడు రిసీవర్ 1400 హెర్ట్జ్ టోన్‌ను ముప్పావు సెకను పైగా వినిపించి రశీదు ఇస్తుంది. దీనికి కిస్-ఆఫ్ అని పేరు. అది 1.25 సెకన్లలో అందకపోతే ప్యానెల్ అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది.

ఫోను చేసింది ఏ రకం ప్యానెలో రిసీవర్‌కు ముందుగా తెలియదు. అందుకే టోన్లను ఒక వరుసలో వినిపిస్తుంది. ఒకటి వినిపించి జవాబు కోసం కాసేపు ఆగుతుంది, రాకపోతే తర్వాతిది అందుకుంటుంది. ఒక్కో టోన్‌కు 4 సెకన్లు పడితే ఆరో టోన్ వంతు రావడానికే 20 సెకన్లు గడుస్తాయి. ప్యానెల్ ఓపికకూ హద్దుంది. గడువు దాటితే ఫోను పెట్టేసి మళ్లీ డయల్ చేస్తుంది. రిసీవర్ చిట్టాలో ‘కాల్ వచ్చింది, సమాచారం లేదు’ అన్న నమోదు మాత్రం మిగులుతుంది.

కాబట్టి వరుస కూర్చే ముందు ఖాతాదారుల దగ్గరున్న ప్యానెళ్ల జాబితా తయారుచేసుకోవాలి. ఎవరికీ అక్కరలేని టోన్లను తీసేయాలి. ఎక్కువ ప్యానెళ్లకు పనికొచ్చేది ముందుండాలి. అయితే సంఖ్య ఒక్కటే కొలత కాదు. పెట్రోలియం టెర్మినళ్లు, గ్యాస్ నింపే ప్లాంట్లు ఉన్న కొండపల్లి వంటి చోట ఏ చిన్న గోదాములో నిప్పు రేగినా ముప్పు పెద్దది. అగ్నిప్రమాద ఖాతాలు కొద్దిగానే ఉన్నా వాటి టోన్ ముందుకు రావాలి. ఇంకో చిక్కు: జంట టోన్ 2300తో ముగుస్తుంది కనుక, టోన్ నిడివిని గట్టిగా పట్టించుకోని 2300 పల్స్ ప్యానెల్ దాన్ని తన పిలుపే అనుకోవచ్చు. ఫోను ఎత్తాక మొదటి టోన్‌కు ముందు అర సెకనైనా విరామం ఉండాలి. లేకపోతే లైను కుదురుకోకముందే కూత వృథా అవుతుంది.

వరుస ఎంత బాగా కూర్చినా లైను పాడైతే ఫలితం ఉండదు. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ వంటి సేవల్లో ఫోను కూడా ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. మాటను కుదించి పంపే జీ.729 వంటి పద్ధతులు మనిషి గొంతుకు తగినవే కానీ, టోన్ల ఆకారాన్ని చెడగొడతాయి. కుదింపు లేని జీ.711 ఎంచుకోవాలి. నెట్ జాప్యం వల్ల కిస్-ఆఫ్ ఆలస్యంగా చేరితే ఒకే ఘటన రెండుసార్లు నమోదవుతుంది. పాత రాగి తీగ లైనుకు ఎక్స్‌ఛేంజి నుంచే కరెంటు వచ్చేది. ఫైబర్ పెట్టె కరెంటు పోయినప్పుడూ పనిచేయాలంటే దానికి విడిగా బ్యాటరీ కావాలి.

వరుస మార్చిన ప్రతిసారీ ఒక్కో రకం ప్యానెల్ నుంచి పరీక్ష సందేశం పంపించి చూడాలి. కాంటాక్ట్ ఐడీలో నియమిత పరీక్షకు సంకేతం 602. ఎన్నో టోన్‌కు జవాబు వచ్చిందో, రశీదు మొదటిసారే అందిందో రాసుకుంటే ఏ టోన్‌ను ఎక్కడికి జరపాలో తెలుస్తుంది.

నేరుగా ఇంటర్నెట్ మీద కబురు పంపే వ్యవస్థలకు ఈ కూతలతో పనిలేదు. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు నడిపిన ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్)లో కెమెరా కదలికను పసిగట్టి నెట్ ద్వారానే కంట్రోల్ రూముకు తెలిపేది. ఫోను లైనునే నమ్ముకున్న పాత ప్యానెళ్లు ఉన్నంతకాలం మాత్రం, రిసీవర్‌లో టోన్ల వరుసను సరిచూసుకుంటూ ఉండాల్సిందే.