హరి పుత్తర్ గట్టెక్కాడు!

'హారీ పోటర్', 'హరి పుత్తర్'... గబగబా పలికి చూడండి, నాలుక తడబడ్డం లేదూ? ఆ హిందీ సినిమా పేరు మీద వార్నర్ బ్రదర్స్ వారి గొడవా అదే. (పంజాబీలో పుత్తరంటే కొడుకే లెండి.) 2008లో ఢిల్లీ హైకోర్టు సినిమాని ఆపనంది.

ఇలాంటి తగాదాల్లో ఇప్పటికీ లాయర్లు చెప్పే తీర్పు 1962 నాటిది. 'అమృతధార', 'లక్ష్మణధార' మందుల పేర్లు జనాన్ని పొరబాటు పడేట్టు చేస్తాయని సుప్రీంకోర్టు తేల్చింది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని ఎవడు చూస్తాడు? పేరు సగమే గుర్తున్న మామూలు మనిషే లెక్క. తలనొప్పితో వచ్చినవాడు అక్షరాలు కూడబలుక్కుంటాడా, పాపం!

మరి హరి పుత్తర్ ఎలా గట్టెక్కాడు? ఆ నవలలు చదివినవాడు తేడా ఇట్టే పసిగడతాడు, చదవనివాడికి పోటర్ ఊసే తెలీదు అంది కోర్టు. దావా ఆలస్యంగా వేశారన్నదీ కలిసొచ్చింది. సబబుగానే ఉంది. కానీ పిల్లాడు మారాం చేస్తే, పోస్టరు చూసి టిక్కెట్టు కొనే తండ్రి ఏ లెక్కలోకి వస్తాడో నాకింకా బోధపడలేదు.