తలగడ క్రింద సెల్‌ఫోను



ఒక ఆదివారము యౌవనస్థులను హెచ్చరిస్తూ, సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే మెదడులో కాన్సర్ వస్తుందని ప్రసంగములో చెప్పాను. ఎవరో అనగా విన్న మాటే. పెద్దలందరూ తల ఊపారు. ఆరాధన ముగిశాక ఇంటర్ చదువుతున్న ఒక అబ్బాయి వచ్చి, "అయ్యగారూ, అది రుజువైందాండీ?" అని మెల్లగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సంగతి తెలియకముందే మాట్లాడేవాని గురించి సామెతల గ్రంథము 18వ అధ్యాయములో నేనే ఎన్నోసార్లు బోధించాను!

ఆ వారమంతా చదివి తెలుసుకున్నది ఇది. సెల్‌ఫోను పంపేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రే కిరణాలవలె ఇవి శరీర కణాలలోని బంధాలను తెంచలేవు; కొద్దిగా వేడి పుట్టించగలవు, అంతే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా విభాగము వీటిని "కాన్సర్ కలిగించే అవకాశము ఉండవచ్చును" అనే జాబితాలో చేర్చింది. నేను విన్న మాటకు మూలము అదే అయి ఉండాలి. అయితే అదే జాబితాలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నవి. (మన ఆవకాయ కాదు లెండి, తూర్పు ఆసియా వారి పద్ధతి.) అనుమానము తీరలేదని దాని అర్థము, రుజువైందని కాదు.

ఆ తరువాత మన దేశముతో కలిపి 14 దేశాలలో, 10 నుండి 24 ఏండ్ల వారిలో మెదడు కణుతుల మీద పెద్ద పరిశోధన జరిగింది. ఫోను వలన కణుతులు వస్తున్నట్లు అందులో ఆధారము కనబడలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా పాత పరిశోధనలన్నిటినీ పరిశీలించినవారు కూడా అలాగే తేల్చారు.

మరి టవరు మాటేమిటి? ఊరిలో టవరు వేస్తామంటే జనులు భయపడి అడ్డుపడడము మనకు తెలిసినదే. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశములో టవరు తరంగాలకు హద్దును అంతర్జాతీయ పరిమితిలో పదవ వంతుకు తగ్గించారు. ఇంకొక విచిత్రము వినండి: టవరు దూరమై సిగ్నలు సన్నగిల్లేకొద్దీ మన చేతిలోని ఫోను ఎక్కువ శక్తితో తరంగాలు పంపవలసి వస్తుంది. మాడుగుల, రావికమతం వైపు కొండ ప్రక్క పల్లెలలో ఒక్క గీత సిగ్నలు మీద గంటసేపు మాట్లాడే పిల్లవాని తలకు, టవరు కంటే చెవికి ఆనించిన ఫోను నుండే ఎక్కువ తరంగాలు చేరతాయి. అటువంటి చోట స్పీకరు పెట్టుకోవడమో, చెవిలో వైరు పెట్టుకోవడమో మేలు. నాలుగు అంగుళాలు దూరము జరిపినా తలకు చేరేది బాగా తగ్గిపోతుంది. ఫోనులో స్టారు, హాష్, సున్న, ఏడు, హాష్ నొక్కితే శరీరము గ్రహించే శక్తి ఎంతో కనబడుతుంది. మన దేశములో అది కిలోకు 1.6 వాట్లు మించకూడదు.

తరువాతి ఆదివారము అదే ప్రసంగపీఠము మీద నిలిచి, క్రిందటి వారము పొరపాటు చెప్పానని ఒప్పుకున్నాను. అప్పుడు ఒక తల్లి నన్ను ఆపి, "అయితే రాత్రంతా చూసుకోవచ్చంటారా అయ్యగారూ? మావాడు ఒంటిగంట దాకా ఆ వెలుగులోనే ఉంటాడండి" అన్నది. ఆమె కండ్లు ఎర్రగా ఉన్నవి. ఆమెకూ నిద్ర లేదు.

కాన్సర్ భయము చూపించి నేను దాటవేసిన సంగతి అదే. పదునాలుగు పదిహేడేండ్ల మధ్య పిల్లలకు రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. అది చెడితే చదువు తలకెక్కదు, కోపము పెరుగుతుంది. అచ్యుతాపురం కంపెనీలకు తెల్లవారుజామునే బండి మీద వెళ్లే కుర్రవానికైతే అది ప్రాణము మీదికి రావచ్చు. పైగా ఛార్జింగు పెట్టిన ఫోను తలగడ క్రింద ఉంటే వేడి బయటికి పోక ప్రమాదము. ఈ సంగతులకు పరిశోధన కోసము ఎదురుచూడనక్కరలేదు. దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీ సంఘానికి వ్రాసినది నిద్రపోయే దేహానికి కూడా వర్తిస్తుందని నా నమ్మకము.

మా ఇంట ఇప్పుడు కుటుంబ ప్రార్థన కాగానే ఫోనులన్నీ ముందు గదిలో బల్ల మీద పెడతాము. "అలారము ఎలాగ?" అని పిల్లలు అడిగితే అనకాపల్లి బజారులో ఒక గడియారము కొన్నాము. అన్నిటికంటే ముందు అక్కడ పెట్టవలసింది నా ఫోనే. మొదటి వారము రోజులు, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడెల్లా నా చెయ్యే దానికోసము తలగడ క్రింద వెదికింది.