తల్లి మాను లేని మర్రి

నాన్నగారు పోయిన తరువాత సామర్లకోట ఇంటికి తాళం వేసి, అమ్మను కలకత్తా తీసుకొచ్చాను. నెల గడిచినా ఆమెకు ఇక్కడ మనసు కుదురుకోలేదు. "ఈ వయసులో పరాయి మట్టిలో పాతుకుంటానట్రా?" అనేది.

కార్తీకం వచ్చింది. "వనభోజనాలు ఎలాగూ లేవు, వనమైనా చూద్దాం రా" అని హౌరాలోని వృక్షోద్యానానికి బయలుదేరదీశాను.

1787లో కర్నల్ కిడ్ స్థాపించిన తోట ఇది. విస్తీర్ణం 273 ఎకరాలు. ఒక్క పూటలో చూడడం మన కాళ్ల తరం కాదు. వెస్టిండీస్ మహాగని, ఆఫ్రికా బావోబాబ్, తాంబాళాల్లాంటి ఆకులతో అమెజాన్ కలువ! ప్రపంచమంతా ఒకే ప్రహరీలో కాపురం పెట్టినట్టుంది. అమ్మ అన్నిటికీ "ఊఁ" అంది, అంతే.

"అమ్మా, 1793 నుంచి ఈ తోటను చూసుకున్న రాక్స్‌బర్గ్ దొర అంతకుముందు ఎక్కడ మొక్కలు పెంచాడో తెలుసా? మన సామర్లకోటలో! ఆ చెట్ల తెలుగు పేర్లు కూడా తన పుస్తకంలో వేశాడు" అన్నాను.

అమ్మ ఆగిపోయింది. "మన ఊరినుంచి వచ్చాడూ!"

చివరకు మహావటం దగ్గరికి చేరాం. తుపానులకు దెబ్బతిని, బూజు పట్టిన తల్లి మానును 1925లోనే తీసేశారు. వేల ఊడలే మానులై చెట్టును మోస్తున్నాయి. అది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

తిరుగు దారిలో మాత్రం అంది: "మన బాల్కనీలో ఎండ బాగానే పడుతుంది. ఒక కుండీ తెచ్చిపెట్టు, కరివేపాకు వేస్తాను."