మంచు పాటకి ఏ కొండ?

“హిమాలయాల్లో స్కీయింగ్ పాట తీద్దాం. నువ్వెళ్ళి చోటు చూసి రావయ్యా!” అన్నారు మా నిర్మాతగారు. అది 2023 అక్టోబరు. షూటింగు జనవరిలో. ప్రొడక్షన్ మేనేజర్నన్నాక కాదంటే కుదురుతుందా? మంచు మీద జారే చోట్లు మూడు చూసొచ్చాను.

ఔలీ అందం చెప్పనలవి కాదు. వాలు మీద నిలబడితే ఎదురుగా నందాదేవి! కాని ఆ ఏడాది మొదట్లోనే కింద జోషీమఠ్‌లో ఇళ్ళు బీటలు వారాయి, ఎన్నో కుటుంబాలు ఖాళీ చేశాయి, రోప్‌వే ఆపేశారు. ఆ ఊరి మీదుగా డాన్సర్ల బస్సులు తీసుకెళ్ళడానికి నాకు మనసొప్పలేదు.

మనాలీ పక్కన సోలాంగ్‌కి రోడ్డుంది. మంచు చాలకపోతే, 2020లో తెరిచిన అటల్ సొరంగం దాటి సిస్సూకి పోవచ్చు. అయితే సీజన్లో టూరిస్టుల జాతర! కెమెరా ఎటు తిప్పినా ఎవరో ఒకరు చెయ్యి ఊపుతారు.

ఇక గుల్మార్గ్. ‘బాబీ’ (1973), ‘ఆప్ కీ కసమ్’ (1974) యూనిట్లు వెళ్ళిన చోటు! గండోలా రెండు మజిలీల్లో అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 4 వేల మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. అక్కణ్ణించి జారడం ఆరితేరినవాళ్ళ పని. మా హీరోగారికి (ఫైట్లలో పులే అనుకోండి) కింద, నేర్చుకునేవాళ్ళు జారే వాలు చాలు. “ఇదే ఖాయం చెయ్యండి” అని ఫోన్ చేశాను.

2024 జనవరి మధ్యలో యూనిట్‌తో దిగితే ఏముంది? ఎండు గడ్డి! అద్దె స్కీలు గోడలకి ఆనించి ఉన్నాయి. పది రోజులు ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాం. నిర్మాతగారు నన్నొక్క మాటా అనలేదు. రోజూ హోటల్ బిల్లు మాత్రం నా ముందే చూసేవారు.

నెలాఖరుకి మంచు కురిసింది. అప్పటికి హీరోగారు రాజమండ్రిలో ఇంకో సినిమా సెట్లో ఉన్నారు.