విద్యార్థులు సృష్టించిన వీరులు

హైదరాబాదునుండి షోలాపూరు పోవు రహదారిలో, జహీరాబాదు దాటిన పిదప, కన్నడసీమ పొలిమేరలో చిరాగ్‌పల్లి గలదు. అచ్చటనేకాదు, ఏ యూరి పాఠశాలలోనైనను నోటుపుస్తకముల చివరి పుటలు తిరగవేసినచో, ఆకాశమున కెగిరి దుష్టులను శిక్షించు బాలవీరుడొకడు కనబడవచ్చును. పెక్కుసార్లు వాని కథ రెండు మూడు ప్రకరణములతోనే ఆగిపోవును. నేటి యువకులు కొందరు అట్టి కథలను అంతర్జాలమున ధారావాహికలుగా ప్రారంభించి, కొలది వారములకే విడిచిపెట్టుచున్నారు. అర్ధాంతరముగా ఆగిన ఈ రచనలు వృథాయేనా?

బాలవీరులు మనకు క్రొత్తవారు కారు. పద్మవ్యూహము చొచ్చిన అభిమన్యుడు, పలనాటి బాలచంద్రుడు మన పిల్లలెరిగినవారే. అయితే వారిని తీర్చిదిద్దినవారు పెద్దలు. పిల్లలు తమ వీరుని తామే సృష్టించుకొనుట వేరు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రికను స్థాపించి, పిల్లల కలములకు చోటిచ్చినది అందుకే.

ఈ విషయమున అమెరికాలో జరిగిన ఒక ఉదంతము గమనింపదగినది. క్లీవ్‌లాండ్ నగరమున జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు ఉన్నత పాఠశాల విద్యార్థులు 1932లో 'సైన్స్ ఫిక్షన్' అను చిన్న పత్రికను సైక్లోస్టైలు ప్రతులుగా వెలువరించిరి. అది ఐదు సంచికలకే నిలిచిపోయినది. 1933 జనవరి సంచికలో సీగెల్ వ్రాసిన కథకు షుస్టర్ బొమ్మలు వేసినాడు. 'సూపర్‌మాన్' అను పేరు వారి రచనలలో తొలిసారి వినబడినది అందులోనే. కాని ఆ సూపర్‌మాన్ వీరుడు కాడు. ఒక శాస్త్రజ్ఞుడిచ్చిన మందువలన ఇతరుల మనస్సులను గ్రహించు శక్తి పొంది, లోకమునే లోబరచుకొనజూచిన దుష్టుడు. మందు ప్రభావము తగ్గగానే మరల నిరుపేదయై మిగిలినాడు.

మిత్రులిద్దరును ఆ పేరును విడువలేదు. పాత్రను మాత్రము మార్చిరి. అంతటి బలము గలవాడు దుర్బలులకు అండగా నిలిచినచో ఎట్లుండునని ఆలోచించిరి. 1938లో 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో వెలువడి ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కిన వీరుడు ఆ ఆలోచనకు ఫలము. ఐదు సంచికల పత్రికలో దుష్టుని కథ వ్రాసి చూడనిచో, ఈ మార్పు వారికి తట్టియుండెడిదో లేదో!

కావున ఉపాధ్యాయులు, విద్యార్థి చేతిలో సగము వ్రాసిన కథ కనబడినప్పుడు, "ఇది ఎందుకు ముగించలేదు?" అని గద్దించుటకు ముందు, "నీ వీరుడు తన శక్తిని ఎవరికొరకు వినియోగించును?" అని అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు విద్యార్థి మరల కలము పట్టును. ఆ పాత పుస్తకమును మాత్రము చిత్తుకాగితములలో కలుపరాదు.